అనంతగిరి కొండలలో నృత్యఋతువు

మార్గశిరము ప్రవేశించినది మొదలు రేడియో కేంద్రమునకు ఆహ్వానపత్రములు రాసాగును. ఏ సభలో ఎవరి కచేరి, వయొలిన్ ఎవరు, మృదంగమెవరు, ఏ తేదీన ఎన్ని గంటలకు అను వివరములన్నియు వానిలో నుండును. త్యాగరాజస్వామి సిద్ధిపొందిన పుష్య బహుళ పంచమికి విశాఖపట్టణమున ఎచ్చటెచ్చట ఆరాధనలు జరుగునో ఆ పత్రములను బట్టియే తెలియును. మేము వానిని తేదీలవారిగా అమర్చుకొని, ఏది ప్రసారమునకు తగునో, ఎచ్చటికి ధ్వనిముద్రణ యంత్రమును పంపవలెనో నిర్ణయించుకొందుము. కాని ఈ నగరమునకు నూరు కిలోమీటర్ల లోపుననే, ఇదే మాసములలో, ఇంతకంటె విస్తారమైన నృత్యోత్సవమొకటి జరుగుచుండును. దాని నుండి మాకు ఆహ్వానపత్రము రాదు. అందలి తేదీలను ఎవ్వరును ముందుగా ముద్రింపలేరు. అనంతగిరి, అరకు కొండలలోని ధింసా ఋతువును గూర్చి నేను చెప్పుచున్నాను.

నగరములలో కళలకు ఒక ఋతువు ఏర్పడుట మనమనుకొనునంత ప్రాచీనమైన సంగతి కాదు. మద్రాసు డిసెంబరు కచేరీల ప్రఖ్యాతి అందరు నెరిగినదే. దానికి మూలము 1927 డిసెంబరులో అచ్చట కాంగ్రెసు మహాసభతో పాటు జరిగిన సంగీత సమావేశము. ఆ సమావేశ ఫలితముగా మరుసటి యేడు మ్యూజిక్ అకాడమీ వెలసినది. కాలక్రమమున వార్షికసభలు డిసెంబరులో స్థిరపడినవి. మన ఉత్తరాంధ్రమున సంగీతమునకు ఆలవాలమైన విజయనగర సంగీత కళాశాల 1919లో ఆదిభట్ల నారాయణదాసుగారి ఆధిపత్యమున ప్రారంభమైనది. ద్వారం వేంకటస్వామినాయుడుగారు అందు వయొలిన్ బోధించిరి. ఇట్లు సభలు, కళాశాలలు, సంస్థానములు కలిసి పట్టణములకు ఒక కళాపంచాంగమును నిర్మించినవి. కొండలలో ఆ పనిని పంటలే చేసినవి.

శృంగవరపుకోట దాటి ఘాట్ రోడ్డు ఎక్కినచో అనంతగిరి వచ్చును. అచ్చట నుండి కాఫీ తోటల మీదుగా అరకులోయలోనికి దిగవచ్చును. 2022 నుండి ఈ ప్రాంతము అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరియున్నది. బగత, కొండదొర, పోర్జ, ఖోందు, కొటియ, వాల్మీకి మొదలైన జాతులవారు ఇచ్చట నివసించుచున్నారు. వీరి పండుగలలో పెక్కింటికి “కొత్త” అని పేరు. కొర్ర పండినచో కొర్రకొత్త, కంది పండినచో కందికొత్త, మామిడి కాచినచో మామిడికొత్త. కొత్త చేయక పూర్వము ఆ పంటను నోట పెట్టరాదని కట్టుబాటు. చెట్టు నిండ కాయలున్నను, పిల్లలు క్రింద నిలబడి చూచుచున్నను, గ్రామదేవతకు నివేదన జరుగువరకు మామిడి తినుటకు వీలులేదు. కావున పండుగ దినమును పంచాంగమొక్కటే నిర్ణయింపజాలదు. వాన ఆలస్యమైనచో పంట ఆలస్యమగును. దానితోపాటు పండుగయు, నృత్యమును ఆలస్యమగును. పైగా గ్రామ పెద్దలు కూర్చుండి తమ ఊరికి తామే దినమును పెట్టుకొందురు. ఒక ఊరిలో డప్పు మ్రోగుచుండగా లోయకు ఆవలి ఊరిలో ఇంకను కోతలే ముగియకపోవచ్చును.

స్థూలముగా చెప్పవలసినచో ఈ ఋతువు దీపావళితో తల యెత్తును, పుష్యమాసమున పుష్ పొరబ్ నాటికి పుంజుకొనును, చైత్రమున నిండుదనము పొందును. చైత్రపు పండుగనే ఇటుకల పండుగ యనియు, చైత్ పొరబ్ అనియు అందురు. ఆ దినములలో పురుషులు వేటకు బయలుదేరుట ఆచారము. రిక్తహస్తములతో తిరిగివచ్చినవారిపై స్త్రీలు పేడనీళ్ళు చల్లి పరిహసింతురు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చిన పిమ్మట వేటకు అనుమతి లేదు; పరిహాసమునకు మాత్రము ఏ చట్టమును అడ్డురాలేదు. అప్పుడు స్త్రీలు బాటకు అడ్డముగా కర్ర పట్టుకొని, వచ్చిపోవు వాహనములను ఆపి పండుగ పైకము వసూలు చేయుదురు. మైదానము నుండి మొదటిసారి వచ్చినవారు దీనిని చూచి కలవరపడుట కలదు. పది రూపాయలిచ్చి నవ్వినచో వారును నవ్వి దారి విడుతురు.

ఇక ధింసా మాట. దీనిని మనలో పలువురు ఒకే నృత్యమని తలంతురు. పదునైదు ఇరువదిమంది స్త్రీలు ఒకరి వీపు వెనుక ఒకరు చేతులు పెనవేసి వలయముగా తిరుగుట మాత్రమే వారు చూచియుందురు. నిజమునకు ఇందు ఎనిమిది భేదములు చెప్పుదురు. బొడ ధింసా గ్రామదేవత గౌరవార్థమైనది. కుడివైపు పురుషులలో మొదటివాడు నెమలియీకల కట్ట పట్టి, ఎడమవైపు స్త్రీలు చేతులు కలిపి, అందెల చప్పుడుతో పాము మెలికలవలె సాగుదురు. ఉస్కు ధింసాకు గుండేరి అని మరియొక పేరు. అందు పురుషుడొకడు పాడుచు స్త్రీలను ఆటకు పిలుచును. గొడ్డిబేట ధింసాలో ముందునకు వంగి, ఊగుచు లేచి, కొన్ని అడుగులు సాగి మరల వెనుకకు వత్తురు. పొతర్‌తోల అడవిలో ఆకులు కోయుటకు అభినయము. భాగ్ ధింసా పులి బారి నుండి తప్పించుకొనుటకు. కుండ ధింసాలో భుజములతో నెట్టుకొందురు. నాటికారి ఒక్కరే ఆడునది. విశేషించి దీపావళికి వాల్మీకులు ఆడుదురు. బాయ ధింసా దేవత పూనిన గణాచారి ఆట.

వీనిలో ఒక్కటియు కేవలము కాళ్ళకు, కన్నులకు సంబంధించినది కాదని గమనింపవలెను. ఆకు కోసిన చేయి, పులిని చూచిన కన్ను, దేవతను మ్రొక్కిన నడుము వీనిలో పనిచేయుచున్నవి. మోరి అను ఊదువాద్యము, డప్పు, తుడుము, కిరిడి, జోడుకొమ్ములు ఈ ఆటలకు తోడు. వాద్యములు పురుషులవి. ఆటలో స్త్రీలదే పైచేయి.

ఈ భేదముల పేర్లలో ఒక చరిత్ర దాగియున్నది. పొతర్‌తోల, భాగ్ మున్నగునవి ఒడియాకు చెందిన మాటలు. ఈ కొండలలో పలు జాతులవారు పరస్పరము మాటలాడుకొనుటకు ఆదివాసి ఒడియాను వాడుదురు. ఇండ్లలో వేరు భాషలు కలవారును కలరు. కొండదొరల కూబి భాష తెలుగునకు దగ్గరి చుట్టము. దానిపై భద్రిరాజు కృష్ణమూర్తిగారి గ్రంథము 1969లో వెలువడినది. కనుక ధింసా ఒక్క జాతి సొత్తు కాదు, ఒక్క రాష్ట్రమునకు పరిమితమును కాదు. జయపురము, కోరాపుటు మొదట విశాఖపట్టణము జిల్లాలోనివే. 1907లో ఆ జిల్లా గెజిటీరును వ్రాసిన ఫ్రాన్సిస్ దొర పోర్జ యువతుల నృత్యమును ప్రత్యేకముగా వర్ణించినాడు. ఆ వర్ణనకు అప్పుడు సరిహద్దు అడ్డులేదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు ఆ కొండలు అటు, ఈ కొండలు ఇటు అయినవి. పటముపై గీసిన ఆ గీత వలయమును తెంపలేదు. నేటికిని చైత్రమున అటువైపును ఇదే ఆట.

1960 దశకమున రెండు క్రొత్త సంగతులు జరిగినవి. బైలడిల్లా ఇనుప ఖనిజమును విశాఖ రేవునకు చేర్చుటకై కొత్తవలస నుండి కిరండూలు వరకు రైలుమార్గము ఈ కొండలను తొలుచుకొని వచ్చినది. అదే దశకమున, 1963లో, విశాఖపట్టణమున ఆకాశవాణి కేంద్రము వెలసినది. ఖనిజము క్రిందికి పోవుటకు వేసిన పట్టాలపై యాత్రికులు పైకి వచ్చిరి. కొండపాటలు ధ్వనిముద్రికలపై క్రిందికి వచ్చినవి. ఈ రెండవ సంగతిలో మా వృత్తివారికి భాగమున్నది గనుక కొంచెము నిజము చెప్పుకొందును. ధింసాను ధ్వనిముద్రణ చేయుట కష్టము. మైకును దగ్గర నుంచినచో తుడుము తక్కినవానిని మ్రింగివేయును. దూరముంచినచో అందెలు వినబడవు. వలయము తిరుగుచుండును గనుక పాట ఒకసారి దగ్గరగాను, ఒకసారి దూరముగాను వినబడును. అది లోపమని మేము సరిదిద్దితిమి. శ్రోతకు ఆట తిరుగుచున్నదని తెలుపగల ఏకైక చిహ్నము అదియేనని నాకు చాల ఆలస్యముగ తోచినది. ఒక చైత్రమున మేము పదునైదు నిమిషముల కార్యక్రమమునకై ఒక గ్రామమునకు వెళ్ళితిమి. ఈ ఆట ఎంతసేపు సాగునని నేనడుగగా అచ్చటి వృద్ధుడొకడు ఆ ప్రశ్నయే అర్థము కానట్లు చూచినాడు. తెల్లవారువరకు సాగిన ఆటలో మాకు కావలసిన పదునైదు నిమిషములను మేము కత్తిరించుకొని వచ్చితిమి.

నేడు మా కత్తెరకంటె పెద్ద కత్తెర యాత్రికుల సాయంకాలము. విడిదిగృహముల ముంగిట ఆషాఢమనక మాఘమనక ఏ దినమున కోరినను ధింసా ఆడుదురు. అడిగినవారికి కనుల పండుగగా నుండు వలయమును, పాము నడకయు ఆడుదురు. పూనకమును, పులిభయమును కోరువారు లేరు. ప్రభుత్వోత్సవములును కలవు. 2025 జనవరి చివర అరకులో చలి ఉత్సవము జరిపిరి. ఈ ఉత్సవములను నేను తప్పుపట్టను. వీనివలన ఆడువారికి నాలుగు రూపాయలు వచ్చుచున్నవి, వారి పేరు దూరదేశములకు పోవుచున్నది. పేదరికములో నున్నవారిని మీ కళను అమ్ముకొనవలదని చెప్పుటకు కడుపు నిండినవారికి అధికారము లేదు. కాని కొర్ర పండకమునుపే కొర్రకొత్త ఆడినట్లుండు ఆటను చూచి, ధింసా చూచితిమని అనుకొనువారు పొరబడుచున్నారు. ఎనిమిదింటిలో రెండింటికే గిరాకి యున్నచో తక్కిన ఆరింటిని ఆడబడుచులకు ఎవరు నేర్పుదురు, ఎందుకు నేర్పుదురు అను ప్రశ్న నన్ను వేధించుచుండును.

రానున్న పుష్య చైత్రములలో అవకాశమున్న శ్రోతలు కొండ ఎక్కిరండు. తేదీ అడుగవలదు. సంతలో విచారించినచో ఏ ఊరిలో పండుగ పెట్టుకొన్నారో చెప్పుదురు. ఆ ఊరి పెద్దల అనుమతి తీసికొని, ఒక ప్రక్కగా కూర్చుండి, దీపములను, ఛాయాచిత్ర యంత్రములను సంచిలోనే యుంచి, తెల్లవారువరకు ఓపిక పట్టుడు. మేమును ఈ చైత్రమున మరల వెళ్ళనున్నాము. ఈసారి మైకును వలయము మధ్య నుంచి, పాట తిరిగినట్లే తిరుగనిత్తుము. ప్రసారము ఏనాడో ఈ సంచికలో ప్రకటింపలేకున్నాము. ఊరివారు దినము పెట్టిన పిమ్మట రేడియోలో తెలుపుదుము.