హిందీ నవలలో కర్నటులు

పరభాషాప్రాంతమున తరతరములుగా స్థిరపడిన మనవంటి కుటుంబములవారు ఆ నేల భాషను నేర్చుట క్రొత్త గాదు. ఆ నేలయందు అట్టడుగున నున్నవారి వ్యథను ఆ భాషలోనే వ్రాయుట మాత్రము అరుదు. అట్టివారిలో నొకనిగూర్చి యిచట ముచ్చటింపదలచితిమి.

రాంగేయ రాఘవ యని హిందీలోకము పిలుచునాతని అసలు పేరు తిరుమల నంబాకం వీరరాఘవాచార్యులు. దక్షిణమునుండి తరలిపోయి భరతపురము చెంత వైర్ గ్రామమున నిలిచిన వైష్ణవ కుటుంబమువాడు. 1923లో ఆగ్రాలో పుట్టి, 1962లో 39 ఏండ్లకే కన్నుమూసెను. 1957లో వెలువడిన ఆయన నవల ‘కబ్ తక్ పుకారూఁ’ ఆ ప్రాంతపు కర్నటుల కథ.

అంతకుముందు హిందీలో అంటరానివారి గోడు లేదనరాదు. ప్రేమచందు 1932లో వ్రాసిన ‘ఠాకూర్ కా కువాఁ’ కథలో గంగి, రోగియైన భర్తకు మంచినీరు తెచ్చుటకై చీకటిలో ఠాకూరు బావికి పోవును. తలుపు చప్పుడు కాగానే చేదత్రాటిని విడిచి పరుగిడును. ఇల్లు చేరునప్పటికి జోఖూ ఆ కంపునీటినే త్రాగుచుండును. అయినను గంగికి ఊరిలో, ఎంత హీనమైనదో, ఒక చోటున్నది. గుడారముతో తిరుగు కర్నటునకు అదియు లేదు.

సంచారజాతులను పుట్టుకచేతనే నేరస్థులుగా నెంచిన చట్టమును ఆంగ్లప్రభుత్వము 1871లో చేసెను. 1911లో అది మద్రాసు రాజధానికిని వ్యాపించెను. మన యెరుకలవారు స్టూవర్టుపురమున కావలిలో బ్రతికినది ఆ చట్టము క్రిందనే. 1952లో అది రద్దయ్యెను గాని, పోలీసు చూపు రద్దు కాలేదు. నవలలో సుఖరాముని భార్య ప్యారీ, రుస్తుంఖాను అను సిపాయి యింట ఉంపుడుగత్తెగా నుండవలసివచ్చుట ఆ చూపు ఫలితమే. ఈ ఘట్టములను రచయిత కన్నీరు పిండక, ఉన్నదున్నట్లు చెప్పెను. మాకు నవలలో మిక్కిలి నచ్చినది ఇదియే.

నచ్చనిదియు నొకటి కలదు. సుఖరాముడు తనలో ఠాకూరుల రక్తమున్నదని నమ్మి, అసంపూర్ణమైన కోటను చూచి నిట్టూర్చుచుండును. ఆ భ్రమ వానిని దహించుటను రచయిత చూపినమాట నిజమే. కాని కర్నటుడు నాయకుడగుటకు ఠాకూరు రక్తపు ఊసేల?

ఆ గుడారమును రాఘవ బయటనుండియే చూచెను. లోపలివారే కలము పట్టినపుడు వ్రాత వేరైనది. ఓంప్రకాశ్ వాల్మీకి ఆత్మకథ ‘జూఠన్’ 1997లో వచ్చెను. అందు ప్రధానోపాధ్యాయుడు పాఠము చెప్పక ఆ బాలునిచే దినముల తరబడి బడి ఊడ్పించును. తండ్రి చూచి, కొడుకు చేతిలోని చీపురు లాగి విసరివేయును.