యుద్ధమెరుగని జంగ్‌లు

మంట దగ్గరికి జరుగు నాయనా. ఆ ఫోను పక్కన పెట్టు, అదెక్కడికీ పారిపోదు. నిన్న రాత్రి ‘సుబేదారంటే ఎవరు తాతా’ అని అడిగావు. నేను గొంతు సవరించుకునేలోగా గురక పెట్టావు. ఆ బాకీ ఇవాళ తీరుస్తా.

మొగలాయి పాదుషాల నాడు సుబా అంటే మాటలు కాదు, ఒక రాజ్యమంత. దాన్ని ఏలేవాడు సుబేదారు. నిజాముల మూలపురుషుడు మీర్ ఖమ్రుద్దీన్ ఖాన్ కూడా కాగితాల్లో దక్కను సుబేదారే. 1724 తర్వాత ఆయన ఢిల్లీ మాట ఎంత విన్నాడో అడక్కు. ఆ తర్వాత కుంపిణీ దొరలు వచ్చి అదే పేరు తీసుకెళ్ళి తమ పటాలంలో దేశీ అధికారికి తగిలించారు. మీసాలు నెరిసిన సుబేదారు, నిన్నగాక మొన్న ఓడ దిగిన తెల్ల కుర్రాడికి సలాము కొట్టాలి! హవల్దారుదీ అదే జాతకం. గోల్కొండ ప్రభువుల కాలంలో మచిలీపట్నం రేవుకు ఆయనే పెద్ద. వలందావాళ్ళూ, అంటే డచ్చివాళ్ళూ, ఇంగ్లీషువాళ్ళూ కానుకలు పట్టుకుని ఆయన వాకిట్లో పడిగాపులు పడేవాళ్ళు. ఇప్పుడు హవల్దారంటే చేతికి మూడు పట్టీల సిపాయి. జమాదారు సంగతి మరీ అన్యాయం. ఒకప్పుడు సైన్యంలో అధికారి, తర్వాత కచేరీలో బంట్రోతుల మీద పెద్ద. స్వాతంత్ర్యం వచ్చాక సైన్యం ఆ పేరే వదిలేసి నాయబ్ సుబేదారని పెట్టుకుంది. ఓడలు బళ్ళవడమంటే ఇదే.

ఇక దఫేదారు. మొదట రౌతుల దండులో ఉండేవాడు, గుర్రం దిగి కలెక్టరు గుమ్మంలో నిలబడ్డాడు. తెల్లకోటు, తలపాగా, భుజం మీంచి ఏటవాలుగా ఎర్ర డవాలి, దాని మీద చింతపండుతో తోమిన ఇత్తడి బిళ్ళ. ఆ బిళ్ళలో మన ముఖం మనకే కనిపించేది. అణా చేతిలో పడితే దొరగారు ఖాళీగా ఉన్నట్టు, పడకపోతే క్యాంపులో ఉన్నట్టు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని ఊరికే అన్నారా?

అణా అంటే నీకేం తెలుసు? రూపాయికి పదహారు. నిజాం ఇలాకాలో మళ్ళీ రూపాయే వేరు, దాని పేరు హాలీ సిక్కా. ఇంగ్లీషు కల్దారు రూపాయలు నూరు కావాలంటే హాలీవి నూటపదహారు పైచిలుకు పోయాలి. బెజవాడ నుంచి హైదరాబాదు వెళ్ళినవాడు రైలు దిగగానే లెక్కలు... సరే, సిక్కాల గొడవ ఇంకోరోజు. నీ ఆవులింత చూశాలే.

కొలువుల పేర్లు అయ్యాయి, ఇక బిరుదులు. హైదరాబాదు దర్బారులో వాటికి మెట్లుండేవి. ఖాన్ బహద్దూర్, దాని పైన జంగ్, ఆపైన దౌలా, ముల్క్, ఉమ్రా, అన్నిటికీ పైన జాహ్. బిరుదు పొందినవాడు తలకు దస్తారు, నడుముకు బగ్లూసు బిగించి, అరచేతుల్లో పట్టు రుమాలు పరిచి, దాని మీద అష్రఫీ, అంటే బంగారు నాణెం, పెట్టి వంగి నజరు చెల్లించాలి. ఇంట్లో అష్రఫీ లేనివాడు అప్పు చేసేవాడు. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె!

జంగ్ అంటే యుద్ధం. సాలార్ జంగ్ అంటే యుద్ధానికి నాయకుడు. ఆ పేరున్న మొదటాయన 1853లో దివానయ్యాడు, 1883లో పోయేదాకా ఆయన పోరంతా అప్పులతో, పన్నుల లెక్కలతో. అలీ నవాజ్ జంగ్ బహద్దూర్ ఇంజనీరు. 1923లో మొదలుపెట్టి మంజీర మీద నిజాంసాగర్ కట్టించాడు. యుద్ధం చేశాడంటే ఏటితోనే చేశాడు. నన్నడిగితే బిరుదుకు తగిన పని చేసిన జంగ్ ఆయనే. హైదరాబాదు నగర పోలీసు పెద్ద కొత్వాల్ వెంకటరామారెడ్డి గారికీ రాజాబహద్దూర్ బిరుదుంది. అయినా జనం నోట కొత్వాల్ అన్న కొలువు పేరే నిలిచింది. కొలువు చేసి సంపాదించిన పేరు కదా!

1950లో రాజ్యాంగం వచ్చింది. సైన్యానికీ చదువుకూ సంబంధించినవి తప్ప ప్రభుత్వం బిరుదులివ్వకూడదంది. దాంతో జంగ్‌లూ దౌలాలూ రావుబహద్దూర్లూ గోడమీది పటాల్లోకి చేరారు. సుబేదారు మాత్రం పటాలంలో హాయిగా ఉన్నాడు.

మన ఊరి కరణం, మునసబుల పదవులు 1984 జనవరిలో ఎన్టీ రామారావు గారి ప్రభుత్వం ఒక్క ఆర్డినెన్సుతో ఊడగొట్టింది. మర్నాడు ఏడ్చినవాళ్ళకంటే రచ్చబండ దగ్గర బెల్లం పంచినవాళ్ళే ఎక్కువ. తర్వాత మండలాలొచ్చాయి, తహసీల్దారు కాస్తా మండల రెవెన్యూ అధికారి అయ్యాడు. కొన్నాళ్ళకు ఏమనుకున్నారో ఏమో, మళ్ళీ తహసీల్దారే అన్నారు. రేపు ఆదాయ ధ్రువపత్రం కోసం నువ్వెళ్ళాల్సింది ఆయన దగ్గరికే. అక్కడిప్పుడు ఇత్తడి బిళ్ళా లేదు, అణాలూ లేవు. దరఖాస్తు మీసేవలో పెట్టు. రసీదు మాత్రం పోగొట్టకు, పోయిందంటే ఏ బిరుదున్నవాడూ నిన్ను ఆదుకోలేడు.