బీమా లేని వాహనం ఢీకొంటే పరిహారం

ప్రమాదం చేసిన వాహనానికి ఆ రోజున చెల్లుబాటయ్యే బీమా లేనప్పుడు, లేదా ఉన్న బీమా బాధితుడికి వర్తించనప్పుడు, నష్టపరిహారం రాబట్టుకునే దారులు భారతదేశంలో ప్రధానంగా 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో ఉన్నాయి. ‘ఆ బండికి ఇన్సూరెన్స్ లేదు, కేసు వేసినా ఏమీ రాదు’ అనే మాట ప్రమాదం జరిగిన మర్నాటినుంచే బాధితుల ఇళ్లలో వినపడుతుంది. అది నిజం కాదు. డ్రైవరు నిర్లక్ష్యానికి జవాబుదారీ డ్రైవరూ, బండి యజమానీ. బీమా కంపెనీ యజమాని తరఫున కట్టేది మాత్రమే. కంపెనీ లేకపోతే మొత్తం భారం యజమాని మీదే పడుతుంది. చిక్కంతా వసూలు దగ్గరే ఉంది. ఆ వసూలు భవితవ్యం చాలావరకు ప్రమాదం జరిగిన మొదటి కొద్ది రోజుల్లోనే తేలిపోతుంది.

చట్టంలోని 146వ సెక్షన్ ప్రకారం థర్డ్ పార్టీ బీమా లేకుండా బండి రోడ్డెక్కకూడదు. ఎక్కితే 196వ సెక్షన్ కింద మొదటిసారి 2,000 రూపాయల జరిమానా, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ. రెండోసారైతే జరిమానా 4,000. అయినా దేశంలో సగానికి పైగా వాహనాలు బీమా లేకుండానే తిరుగుతున్నాయి. వాటిలో ద్విచక్ర వాహనాలే ఎక్కువ. సుప్రీంకోర్టు ఆదేశాల మేరకు 2018 సెప్టెంబరు 1 నుంచి కొత్త కారుకు మూడేళ్లకు, కొత్త ద్విచక్ర వాహనానికి ఐదేళ్లకు ఒకేసారి థర్డ్ పార్టీ బీమా తీసుకోవాల్సి వస్తోంది. ఆ గడువు తీరాక, బండి రెండో చేతికి, మూడో చేతికి మారాక రెన్యువల్ సంగతి పట్టించుకునేవారు తగ్గిపోతారు.

అమెరికాలో లాగా ‘తక్కువ మొత్తానికి బీమా’ అనే సమస్య ఇక్కడ మరణానికీ గాయాలకూ ఉండదు. థర్డ్ పార్టీ పాలసీ ఉంటే మోటారు ప్రమాదాల పరిహార ట్రైబ్యునల్ ఎంత నిర్ణయిస్తే అంత కంపెనీ కట్టాలి, పైపరిమితి లేదు. ఆస్తినష్టానికి మాత్రం పరిమితి ఉంది. మామూలు పాలసీల్లో అది కారుకు ఏడున్నర లక్షలు, ద్విచక్ర వాహనానికి లక్ష.

బీమా ఉండీ అక్కరకు రాని సందర్భాలు

తెలుగు పల్లెలకు బాగా తగిలే విషయం ఇది. నాట్లకో కోతలకో కూలీలు ట్రాక్టరు ట్రాలీలో వెళతారు, పెళ్లిబృందం డీసీఎం వ్యానులో బయల్దేరుతుంది. సరుకు రవాణా వాహనంలో ఊరికే ఎక్కిన ప్రయాణికుల బాధ్యత కంపెనీకి లేదని ఆశారాణి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. వాహనానికి పాలసీ ఉన్నా, బోల్తా పడిన ట్రాలీలోని మనుషుల విషయంలో అది బీమా లేని బండి కిందే లెక్క. థర్డ్ పార్టీ మాత్రమే ఉన్న మోటారు సైకిల్ వెనక కూర్చున్న వ్యక్తిదీ ఇదే పరిస్థితి అని 2006 నాటి తిలక్ సింగ్ తీర్పు చెబుతోంది. ‘ఇన్సూరెన్స్ ఉందిలే’ అన్నది సరిపోదు. ఏ పాలసీ, ఎవరికి వర్తిస్తుంది అన్నది చూడాలి.

డ్రైవరుకు లైసెన్సు లేకపోవడం, నకిలీ లైసెన్సు వంటి సందర్భాల్లో కొంత మేలు. ముందు కంపెనీయే బాధితుడికి చెల్లించి, తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోవాలనే పద్ధతిని 2004లో స్వరణ్ సింగ్ తీర్పు స్థిరపరిచింది. ఊరికే ఎక్కిన ప్రయాణికుల విషయంలో కూడా కొన్ని కేసుల్లో సుప్రీంకోర్టు ఇలాగే ఆదేశించింది. 2017 నాటి మనువారా ఖాతూన్ తీర్పు అందుకు ఉదాహరణ. కాబట్టి కంపెనీ ‘మా బాధ్యత కాదు’ అన్నంతమాత్రాన దాన్ని కేసునుంచి వదిలేయకూడదు. ప్రీమియం చెక్కు బౌన్సయిన పాలసీ కూడా అంతే. రద్దు సంగతి ప్రమాదానికి ముందే యజమానికి తెలియజేయకపోతే కంపెనీ తప్పించుకోలేదని 2012లో లక్ష్మమ్మ కేసు తీర్పు.

యజమాని ఎవరు?

బండి అమ్మేశాను, రిజిస్ట్రేషన్ పత్రం (ఆర్సీ) మార్పించుకోమని కొన్నవాడికే చెప్పాను, నాకేం సంబంధం అనేవాళ్లు కోర్టుల్లో ప్రతి ఏటా కనిపిస్తారు. చట్టం దృష్టిలో రిజిస్ట్రేషన్ ఎవరి పేరున ఉందో వారే యజమాని. 2018లో నవీన్ కుమార్ కేసులో బండి చాలా చేతులు మారినా సుప్రీంకోర్టు ఈ సూత్రం నుంచి కదల్లేదు. బాధితుడికి ఇది వరం: చేతిలో చిల్లిగవ్వ లేని డ్రైవరు దగ్గర ఆగిపోకుండా ఆర్సీలో పేరున్న వ్యక్తి ఆస్తుల దాకా వెళ్లవచ్చు. పాత బండి అమ్మి యాజమాన్య బదిలీ మరిచినవారికి మాత్రం ఎప్పుడో ఒకరోజు ట్రైబ్యునల్ సమన్లు తలుపు తట్టవచ్చు.

స్టేషన్ ఆవరణలోని బండి

బీమా లేని కేసులో బాధితుడికి దొరికే గట్టి హామీ చాలాసార్లు ఒక్కటే, ప్రమాదం చేసిన ఆ బండి. ఎఫ్ఐఆర్ నమోదు కాగానే పోలీసులు దాన్ని స్వాధీనం చేసుకుంటారు, మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు తనిఖీ చేస్తారు. ఆ తర్వాత యజమాని మేజిస్ట్రేటు కోర్టులో అర్జీ పెట్టి విడిపించుకుంటాడు. ఒకసారి బయటికి వచ్చిందంటే అది ఎటు పోతుందో, ఎవరికి అమ్ముడవుతుందో తెలియదు.

దీనికి విరుగుడుగా ఢిల్లీ 2008లో ఒక నిబంధన పెట్టుకుంది. బీమా లేని వాహనాన్ని తగిన పూచీ ఇవ్వనిదే కోర్టు విడుదల చేయకూడదు. మూడు నెలల్లో పూచీ ఇవ్వకపోతే వేలం వేసి, ఆ సొమ్ము ట్రైబ్యునల్‌లో జమ చేయాలి. 2018 సెప్టెంబరులో ఉషాదేవి కేసులో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలూ ఇలాంటి నిబంధన తేవాలని ఆదేశించింది. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర నిబంధనల్లోనూ ఇది చేరింది. ఇంత మంచి ఏర్పాటు బాధితులకు తెలియకపోవడం బాధాకరం. ఆసుపత్రి వరండాలో ఉన్న కుటుంబానికి బండి విడుదల అర్జీ గురించి ఎవరూ చెప్పరు. ఇంట్లో ఒకరైనా ప్రమాదం జరిగిన వారంలోపే న్యాయవాదిని కలిసి, విడుదలకు అభ్యంతరం దాఖలు చేయించాలి. వేలంలో లారీకి వచ్చే సొమ్ము, ట్రాక్టరుకు వచ్చే సొమ్ము చిన్నదేమీ కాదు. పాత మోపెడ్ అయితే మాత్రం పెద్దగా మిగిలేది ఉండదు.

సరిగ్గా ఈ రోజుల్లోనే పెద్దమనుషులు రాజీకి కూర్చుంటారు. అంత్యక్రియలకో ఆసుపత్రి బిల్లుకో కొంత సొమ్ము చేతిలో పెట్టి తెల్లకాగితం మీద సంతకం అడుగుతారు. ఆ అవసరం ఎంత నిజమైనదో కాదనలేం. కానీ తీసుకున్న ప్రతి రూపాయికీ రసీదులో ‘మధ్యంతరంగా’ అని రాయించుకోవాలి. కేసు వదులుకుంటున్నట్టు రాసిన కాగితం మీద సంతకం పెడితే, రేపు ట్రైబ్యునల్‌లో అవతలి వకీలు మొదట చూపించేది దాన్నే.

ట్రైబ్యునల్‌లో

పరిహారం అర్జీని ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో వాడుకగా ‘ఓపీ’ అంటారు. 166వ సెక్షన్ కింద ప్రమాదం జరిగిన చోటగానీ, బాధితుడు ఉండే చోటగానీ, ప్రతివాది ఉండే చోటగానీ వేయవచ్చు. హైదరాబాదులో ప్రమాదానికి గురైన శ్రీకాకుళం కూలీ సొంత జిల్లాలోనే కేసు నడుపుకోవచ్చన్నమాట. అర్జీ వేయడానికి ప్రమాదం నాటినుంచి ఆరు నెలల గడువు 2022 ఏప్రిల్ నుంచి మళ్లీ అమల్లోకి వచ్చింది. దాన్ని సవాలు చేసిన పిటిషన్లు సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి. ఆ వివాదం మీద ఆశ పెట్టుకోకుండా ఆరు నెలల్లోపు వేయడమే క్షేమం. పోలీసులు 48 గంటల్లో ప్రాథమిక నివేదిక, 90 రోజుల్లో సమగ్ర నివేదిక ట్రైబ్యునల్‌కు పంపాలి. ఆ నివేదికనే అర్జీగా స్వీకరించే వీలూ ఉంది.

నిర్లక్ష్యాన్ని రుజువు చేయలేమనుకుంటే 164వ సెక్షన్ ఉంది. మరణానికి ఐదు లక్షలు, తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు, తప్పెవరిదన్న విచారణ లేకుండా. బీమా లేకపోతే ఇదీ యజమానే కట్టాలి.

రెండు వాహనాలు ఢీకొని మూడోవాడు దెబ్బతిన్నప్పుడు మాత్రం పరిస్థితి చాలా మెరుగు. తప్పు ఇద్దరిదీ అయితే, మొత్తం పరిహారాన్ని వారిలో ఎవరి దగ్గరైనా రాబట్టుకోవచ్చని 2015లో ఖెన్యేయి తీర్పు చెప్పింది. బీమా లేని ఆటో, బీమా ఉన్న కారు ఢీకొంటే ఆటో ప్రయాణికురాలు కారు బీమా కంపెనీ నుంచే పూర్తి సొమ్ము అడగవచ్చు. అందుకే రెండు వాహనాల యజమానులనూ కంపెనీలనూ మొదటినుంచే ప్రతివాదులుగా చేర్చాలి.

తీర్పు తర్వాత యజమాని కట్టకపోతే 174వ సెక్షన్ కింద ట్రైబ్యునల్ కలెక్టరుకు సర్టిఫికెట్ ఇస్తుంది. భూమి శిస్తు బకాయి మాదిరిగా వసూలు చేస్తారు. యజమాని ఈలోగా చనిపోతే వారసులు తమకు సంక్రమించిన ఆస్తి మేరకు బాధ్యులు. ఈ దశలో ఏళ్లు గడుస్తాయి. యజమాని పొలం సర్వే నంబరు, ఇంటి వివరం, ఇతర బండ్ల నంబర్లు ముందే సేకరించి పెట్టుకున్నవారికే ఈ సెక్షన్ పనికొస్తుంది.

తెలిసిన బండి, తెలియని బండి

ఢీకొట్టి పారిపోయిన వాహనం ఏదో తేలకపోతే 161వ సెక్షన్ కింద మరణానికి రెండు లక్షలు, తీవ్ర గాయానికి యాభై వేలు ప్రత్యేక పథకం ద్వారా వస్తాయి. 2022కు ముందు ఇవి 25,000, 12,500 మాత్రమే. బండి నంబరు తెలిసి, దానికి బీమా లేక, యజమాని నిరుపేద అయితే ఆ రెండు లక్షలూ రావు. బ్రిటన్‌లో 1946లో ఏర్పడిన మోటార్ ఇన్సూరర్స్ బ్యూరో బీమా లేని డ్రైవర్ల బాధితులకూ, ఆచూకీ తెలియని వాహనాల బాధితులకూ పరిహారం చెల్లిస్తుంది. మన చట్టంలో ఈ ఖాళీని పూడ్చకపోవడానికి సమర్థన కనిపించదు.

చికిత్స వరకు కొంత కదలిక వచ్చింది. 2025 మేలో కేంద్రం ప్రకటించిన నగదు రహిత చికిత్స పథకం కింద ప్రమాదం నాటినుంచి ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా వైద్యం అందాలి. బండికి బీమా లేకపోతే ఆ ఖర్చు ప్రభుత్వ నిధులనుంచి వస్తుంది.

అమెరికాలోని తెలుగువారికి ఈ సమస్య మరో రూపంలో ఎదురవుతుంది. అక్కడ బీమాకు కనీస పరిమితులు తక్కువ. టెక్సస్‌లో ఒక్క మనిషి గాయాలకు 30,000 డాలర్లు చాలు. పెద్ద ఆసుపత్రి బిల్లు ముందు అది ఏ మూలకూ రాదు. అందుకే ఎదుటివారి బీమా లోటును భర్తీ చేసే రక్షణను సొంత పాలసీలోనే కొనుక్కునే వీలుంటుంది. టెక్సస్‌లో అది వద్దనుకుంటే రాతపూర్వకంగా తిరస్కరించాలి. చూడ్డానికి వెళ్లిన తల్లిదండ్రులు పిల్లల కారులో ఉన్నప్పుడు ఈ రక్షణ సాధారణంగా వర్తిస్తుంది. వీధిలో నడుస్తుండగా మరో కారు గుద్దితే వర్తిస్తుందా అన్నది, ఆ ఇంట్లో నివసించే బంధువుగా పాలసీ వారిని లెక్కిస్తుందా అన్నదాని మీద ఉంటుంది. ఎదుటి డ్రైవరు కంపెనీతో రాజీ సంతకం చేసే ముందు సొంత కంపెనీ అనుమతి తీసుకోకపోతే చాలా పాలసీల్లో ఈ హక్కు చేజారే ప్రమాదం ఉంది.

ఇక్కడి బాధితుల సొంత ఖాతాల్లోనూ మరిచిపోయిన రక్షణలు ఉంటాయి. పనిలో ఉండగా దెబ్బతిన్న క్లీనరుకు, హమాలీకి 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం మరో దారి. రెండు చట్టాల్లో ఒకదాన్నే ఎంచుకోవాలి. బ్యాంకు పాసుపుస్తకంలో ఏడాదికోసారి 20 రూపాయలు కోత కనిపిస్తే అది ప్రధానమంత్రి సురక్షా బీమా కావచ్చు. ప్రమాద మరణానికి రెండు లక్షలు అందులో ఉన్నాయి. ఢీకొట్టిన బండికి బీమా ఉందా లేదా అన్నదానితో దానికి సంబంధం లేదు.