ఆ నలభై ఎక్కడిది?

వైకల్యానికి శాతం కట్టే సదరం క్యాంపు రోజున ఏ జిల్లా ఆసుపత్రి వరండాలో కూర్చున్నా ఒకటే మాట చెవిన పడుతుంది: "పర్సెంటేజీ ఎంత పడింది?" లోపల ఎముకల డాక్టరు మోకాలు మడిచి, కోణమానినికి రెండు చేతులు తగిలించినట్టుండే గోనియోమీటరును కీలు మీద ఆనించి డిగ్రీలు చదువుతాడు. పక్కగదిలో హెడ్‌ఫోన్లు పెట్టుకున్న పెద్దాయన శబ్దం వినపడ్డప్పుడల్లా చెయ్యెత్తుతుంటాడు. ఆ డిగ్రీలు, డెసిబెల్స్ అన్నీ కలిసి చివరికి ఒక అంకెగా తేలతాయి. నలభై వస్తే పింఛనుకు దారి తెరుచుకుంటుంది. ముప్పై ఎనిమిది దగ్గర ఆగితే వచ్చిన ఆటో కిరాయి కూడా దండగే.

ఒంటికి శాతం కట్టడం మన చట్టాలకు పాత అలవాటే. 1923లో వచ్చిన కార్మికుల నష్టపరిహార చట్టం చివర ఒక పట్టిక ఉండేది. తర్వాత సవరించిన రూపంలో అది బొటనవేలు పోతే 30 శాతం, ఒక చేతి నాలుగు వేళ్లూ పోతే 50, రెండు చేతులూ పోతే 100 అని లెక్కగట్టింది. సంపాదించే శక్తి ఎంత తరిగిందో తేల్చి, యజమాని ఎంత చెల్లించాలో చెప్పడానికే ఆ పట్టిక.

సంక్షేమం వైపు లెక్కలు ఆలస్యంగా మొదలయ్యాయి. 1977లో కేంద్రం సి, డి తరగతి ఉద్యోగాల్లో 3 శాతం రిజర్వేషన్ ఇచ్చింది. 1981 అంతర్జాతీయ వికలాంగుల సంవత్సరం. 1986లో కేంద్రం వైకల్యాలకు ఒకే తరహా నిర్వచనాలు ప్రకటించింది. అసలు చట్టం కోసం మాత్రం రోడ్డెక్కాల్సి వచ్చింది. 1995 డిసెంబరులో చక్రాల కుర్చీలోంచే ఉద్యమాన్ని నడిపిన జావేద్ అబిదీ, ఆయన సహచరులు ఢిల్లీలో ఆందోళనకు దిగారు. అదే నెలలో పార్లమెంటు వికలాంగుల చట్టాన్ని ఆమోదించింది. 1996 ఫిబ్రవరి 7న అది అమల్లోకి వచ్చింది. ఏడు రకాల వైకల్యాలను గుర్తించిన ఆ చట్టం, కనీసం 40 శాతం ఉన్నట్టు వైద్యాధికారులు ధ్రువీకరిస్తేనే వికలాంగుడు అంది. ముప్పై తొమ్మిది వచ్చినవాడు, కుంటుతూ నడిచి వచ్చినా సరే, ఆ చట్టం కంటికి ఆనలేదు.

శాతం కట్టే పద్ధతిని 2001లోనూ, మళ్లీ 2018 జనవరిలోనూ కేంద్రం మార్గదర్శకాలుగా విడుదల చేసింది. అందులో ఒక చిన్న లెక్క తెలుసుకోదగ్గది. ఒకే మనిషికి వినికిడి లోపం 30, చూపు లోపం 20 ఉన్నాయనుకోండి. కూడితే 50 అనుకుంటాం. కానీ అలా కూడరు. పెద్ద అంకెను అలాగే ఉంచుతారు. దాన్ని 90లోంచి తీసేస్తే మిగిలేది 60. ఆ 60ని చిన్న అంకెతో గుణించి 90తో భాగిస్తే వచ్చేది సుమారు 13. మొత్తం 43. దేనికది గీత దాటని రెండు లోపాలు కలిసి గీత దాటాయి. రెండో లోపాన్ని డాక్టరు దగ్గర చెప్పకుండా వచ్చేస్తే పోయేది అదే.

సదరం అన్న మాట వింటే 'సదరు'కు చుట్టమేమో అనిపిస్తుంది. కాదు. సాఫ్ట్‌వేర్ ఫర్ అసెస్‌మెంట్ ఆఫ్ డిసేబుల్డ్ ఫర్ యాక్సెస్, రిహాబిలిటేషన్ అండ్ ఎంపవర్‌మెంట్ అనే చాంతాడంత పేరుకు అది పొట్టిరూపు. 2010 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గ్రామీణాభివృద్ధి శాఖ చేతుల మీదుగా వచ్చింది. డాక్టరు కొలతలు ఎక్కిస్తే శాతాన్ని కంప్యూటరు కడుతుంది. చేతిరాత సర్టిఫికెట్ల కాలం అలా ముగిసింది. జనం నోట్లో ఆ సాఫ్ట్‌వేరే సర్టిఫికెట్టు పేరైంది, క్యాంపు పేరైంది.

ఇక ఆ అంకె విలువ. 2009లో కేంద్రం మొదలుపెట్టిన ఇందిరాగాంధీ వికలాంగుల పింఛనుకు గీత ఏకంగా 80 దగ్గర గీశారు. కేంద్రం వాటా తర్వాత నెలకు 300 రూపాయలైంది. తెలుగు రాష్ట్రాలు చాలావరకు 40 దగ్గరే తలుపు తీశాయి. తెలంగాణ 2014లో ఆసరా కింద 1,500తో మొదలుపెట్టి 2023లో 4,016కు చేర్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులైలో 3,000 కాస్తా 6,000 అయింది. సొమ్ము పెరిగినకొద్దీ 38కీ 40కీ మధ్య అగాధమూ పెరిగింది.

1995 నాటి చట్టం స్థానంలో వచ్చిన 2016 చట్టం వైకల్యాలను ఇరవై ఒకటికి పెంచింది, ఉద్యోగాల్లో కోటాను 4 శాతం చేసింది. అంతకన్నా పెద్ద పని ఇంకొకటి చేసింది. దివ్యాంగుడు ఎవరన్న నిర్వచనంలోంచి నలభైని తీసేసింది. రిజర్వేషన్ లాంటి కొన్నిటికే దాన్ని కొలబద్దగా మిగిల్చింది. వివక్షకు గురికాకుండా ఉండే హక్కుకు శాతంతో పని లేదు. శాతం తప్పుగా కట్టారనుకుంటే అప్పీలుకు వెళ్లే దారినీ 59వ సెక్షన్‌లో పెట్టింది.

ఇప్పుడు దేశమంతటికీ ఒకటే యూడీఐడీ (దివ్యాంగుల విశిష్ట గుర్తింపు) కార్డు. ఆధార్, ఫొటో, చిరునామా రుజువుతో ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకుని, ఆసుపత్రిలో పరీక్షకు వెళ్లాలి. 80, ఆపైన ఉంటే నీలం గీత, 40 నుంచి 80 లోపు పసుపు, 40 లోపు తెలుపు. ఆ తెల్లగీత కార్డు పింఛను తేదు. అయినా 1996లో చట్టానికి ఆనని ముప్పై తొమ్మిది శాతం మనిషికి, ప్రభుత్వ జాబితాలో తన పేరు ఉందని చూపే కాగితం ఇన్నాళ్లకు దక్కింది.