మామూలు చొక్కా

చరిత్ర అనగానే మనకి కిరీటాలూ, కత్తులే గుర్తొస్తాయి కదూ! తెనాలిలో మా మేనల్లుడి బడిపిల్లలు వేషాలు కట్టి రణరంగ చౌక్‌కి నడుస్తున్నారంటే నేనూ వెంట వెళ్ళాను. గాంధీగారికి కళ్ళజోడు, భరతమాతకి కిరీటం! మావాడు మాత్రం మొహం వేళ్ళాడేశాడు.

"నాకు వేషమే లేదత్తా, మామూలు చొక్కా!"

1942 ఆగస్టు 12న క్విట్ ఇండియా పిలుపుకి ఊరు కదిలింది. రైల్వే స్టేషను తగలబడింది. పోలీసు కాల్పుల్లో ఏడుగురు ఒరిగిపోయారు. వాళ్ళలో ఒకడు మావాడు.

స్తూపాల దగ్గర చెప్పాను: "వాళ్ళూ పొద్దున ఇంట్లో కట్టుకున్న బట్టల్తోనే వచ్చార్రా!"

వాడు చొక్కా గుండీలు సర్దుకున్నాడు. ఆ పూట గుమ్మంలో ఎదురుచూసి ఉంటారే, ఆ అమ్మలు నా కళ్ళల్లో మెదిలారు.