అమరావతి రాళ్లు చెప్పు కథ



పూర్వచరిత్ర మనగానే మనకు రాజుల పేర్లును, యుద్ధములు జరిగిన సంవత్సరములును తోచును. ముప్పది యేండ్లు పిల్లలచేత వానినే వల్లె వేయించినవాడను గనుక ఆ విద్యలోని లోపము నే నెఱుగుదును. గ్రంథమున చదివిన సంగతి కంటి కెదురుగా నిలిచిననే గాని మనస్సున నాటుకొనదు. అట్లు నిలుపునది ఆ యా స్థలములందలి పురావస్తు ప్రదర్శనశాల. ఇందులకు నిదర్శనముగా కృష్ణాతీరమందలి అమరావతిని గూర్చి నేడు విన్నవించెదను.

అమరేశ్వరస్వామి దర్శనమునకై ఆ గ్రామమునకు పోయినవారు మీలో పెక్కురుందురు. అచ్చట నొకప్పుడు దీపాలదిన్నె యను దిబ్బ యుండెడిది. అది సుమారు రెండువేల యేండ్లనాటి బౌద్ధ మహాచైత్యమని ఊరివా రెఱుగరు. ప్రక్కనున్న ధరణికోటయే సాతవాహనులనాటి ధాన్యకటకము. 18వ శతాబ్దపు తుదిని వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారు అమరావతిలో క్రొత్త పట్టణమును కట్టించునప్పుడు ఇటుకలకును రాళ్లకును ఆ దిబ్బను త్రవ్విరి. ఆ దినములలోనే మెకంజీదొర వచ్చి దానిని చూచెను. 1816లో ఆయన మరల వచ్చి చెక్కడములకు పటములు వ్రాయింప బూనునాటికి దిబ్బ నడుమ చెఱువు త్రవ్వబడియుండెను. పలకలెన్నియో మెట్లకును గోడలకును పోయినవి.

ఆ చెక్కడములు పల్నాటి సున్నపురాతిపై చెక్కినవి. సున్నపురాయి కాల్చిన సున్నమగును గదా! మహాశిల్పులు మలచిన బొమ్మలు కొన్ని బట్టీలో కాలి, గానుగలో నలిగి, ఎవరి యింటి గోడకో పూతయై పోయినవి. చేసినవారు దుష్టులు గారు, ఎఱుగనివారు. 1845లో ఎలియట్ దొర త్రవ్వించిన పలకలు చెన్నపట్టణము చేరి, అందు పెక్కు 1859లో ఓడ యెక్కి లండను నగరమునకు పోయినవి. నేటికిని అవి బ్రిటిషు మ్యూజియమున నున్నవి. మఱికొన్ని చెన్నపట్టణపు ప్రదర్శనశాలలో నున్నవి.

మిగిలినవానిని పుట్టిన చోటనే కాపాడుచున్నది అమరావతి ప్రదర్శనశాల. అచ్చట మహాచైత్యపు నమూనాను చూచి, పిమ్మట అల్లంత దూరమున నున్న చైత్యస్థలమునకు నడచి పొండు. అంతకుముందు వట్టి మట్టిగా తోచిన నేలపై గుమ్మటము లేచును. దాని చుట్టును ప్రాకారము నిలుచును. ప్రదక్షిణము చేయు జనులు కానవత్తురు. దూరనగరములందలి శాలలు ఎంత గొప్పవైనను ఈ మేలు చేయజాలవు. రాయి యొకచోటను, నేల యొకచోటను ఉన్నప్పుడు కథ తెగిపోవును.

ఆ పలకలపై బ్రాహ్మీ లిపిలో ప్రాకృతభాషలో చిన్న చిన్న శాసనములు గలవు. అందు పేర్కొనబడినవారు రాజులు మాత్రమే కారు. వర్తకులు, గృహిణులు, భిక్షువులు, భిక్షుణులు తమ శక్తికొలది రాళ్లను సమర్పించిరి. విధికుడను చర్మకారుడు తన కుటుంబముతో గూడి పూర్ణకుంభపు పలకను దానమిచ్చెను. అమరావతి పూర్ణకుంభమే నేడు ఆంధ్రప్రదేశ రాజ్యచిహ్నమున వెలయుచున్నది. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు ఇచ్చటి శాసనమొకదానియందే ‘నాగబు’ అను ప్రాచీనమైన తెలుగు మాటను గుర్తించిరి. ఒక్క రాయి కాలియున్నచో విధికుని పేరు మన కెవ్వరు చెప్పగలరు?

ఇక నా తప్పొకటి విన్నవించుకొందును. ఉద్యోగమున నున్నకాలమున ఒక గ్రామమున చెఱువుగట్టున అక్షరములున్న రాతిపై బట్టలుదుకుచుండగా చూచితిని. సెలవులలో వచ్చి వ్రాసికొందమని తలచి, ఎవ్వరికిని చెప్పక మరలిపోయితిని. మరునాటి యేడు పోయి చూడగా ఆ రాయి కాలువ తూములో పగిలియున్నది. అందేమున్నదో నేటికిని తెలియదు, ఇక తెలియబోదు. చదువురానివారు చేసినదానికన్న చదువుకొన్న నేను చేయనిదే పెద్ద దోషమని నా మనస్సు నన్ను నిందించుచునే యున్నది.

కావున గ్రామపెద్దలైన మీకు నా మనవి యొక్కటే. పొలము దున్నునప్పుడు గాని, పునాది త్రవ్వునప్పుడు గాని అక్షరములున్న రాయియో, విగ్రహమో, నాణెములో దొరకినచో రుద్దకుడు, పగులగొట్టకుడు, అమ్ముకొననీయకుడు. తహసీలుదారునకును పురావస్తుశాఖవారికిని తెలియజేయుడు. ఒకసారి మీ మనుమలను వెంటబెట్టుకొని అమరావతికి పొండు. స్వామి దర్శనమైన పిమ్మట ఆ రాళ్ల దర్శనమును చేయింపుడు. మన పెద్దలు మనకు విడిచిపోయిన మాటలు వానిలో నున్నవి. వినువారున్నంతకాలమే అవి పలుకును.