ప్రవేశోద్దేశం - స్థితిమార్పు: అమెరికా వలసచట్టాల చరిత్రలో తెలుగువారు

వ్యాససంగ్రహం:
దీర్ఘకాలిక వీసాపై ఒక దేశంలో అడుగుపెట్టిన వ్యక్తి, అక్కడ ఉండగానే తన ప్రవేశోద్దేశాన్ని చట్టబద్ధంగా మార్చుకోవడాన్ని ‘స్థితిమార్పు’ అనవచ్చు. చదువుకోసం వెళ్ళినవారు ఉద్యోగులుగా మారడం దీనికి సుపరిచితమైన ఉదాహరణ. అమెరికా సంయుక్త రాష్ట్రాల చట్టాలలో ఈ వెసులుబాటు రూపుదిద్దుకున్న క్రమాన్ని 1917 నుంచి 2025 వరకు పరిశీలించి, తెలుగువారి వలసచరిత్ర అధ్యయనంలో దాని ప్రాధాన్యాన్ని చూపడం ఈ వ్యాసలక్ష్యం.

కీలక పదాలు: వలసచరిత్ర, వీసా, స్థితిమార్పు, ప్రవాసాంధ్రులు, విద్యార్థి వలస, హెచ్-1బి.

1. ఉపోద్ఘాతం
వీసా, స్థితి అనే రెండు మాటలను సాధారణ వ్యవహారంలో ఒకే అర్థంలో వాడటం కనిపిస్తుంది. చట్టదృష్టిలో అవి వేరు. వీసా అనేది విదేశంలోని రాయబార కార్యాలయం పాస్‌పోర్టులో వేసే ముద్ర. దేశపు సరిహద్దు దగ్గరికి వచ్చి ప్రవేశాన్ని కోరడానికి అది అనుమతి. లోపలికి ప్రవేశించిన తరువాత ఆ వ్యక్తి ఏ హోదాలో, ఎంతకాలం ఉండవచ్చో నిర్ణయించేది స్థితి. స్థితిమార్పు జరిగినప్పుడు మారేది ఈ రెండవదే. ఎఫ్-1 విద్యార్థి అమెరికాలో ఉండగానే హెచ్-1బి ఉద్యోగిగా మారినా అతని పాస్‌పోర్టులో పాత విద్యార్థి ముద్రే ఉంటుంది. అతడు స్వదేశానికి వచ్చి మళ్ళీ వెళ్ళాలంటే సాధారణంగా కొత్త ముద్ర కోసం రాయబార కార్యాలయ అధికారి ముందు నిలబడవలసిందే. ఉద్యోగం ఉండి కూడా తల్లిదండ్రుల అనారోగ్యానికో తోబుట్టువుల పెళ్ళికో రావడానికి వెనుకాడే పరిస్థితికి మూలం ఈ భేదంలోనే ఉంది.

2. ఉద్దేశమే ఎల్లగా (1917-1946)
1917 వలసచట్టం భారతదేశం సహా ఆసియాలో అధికభాగాన్ని ‘నిషిద్ధ మండలం’గా ప్రకటించింది. విద్యార్థులు, యాత్రికులు, కొన్ని వృత్తులవారు మాత్రం ఆ నిషేధానికి మినహాయింపు. అంటే భారతీయుడికి ప్రవేశం దొరికేది అతని ఉద్దేశాన్ని బట్టే. 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో సుప్రీంకోర్టు భారతీయులు పౌరసత్వానికి అర్హులైన ‘శ్వేతజాతీయులు’ కారని తీర్పు చెప్పింది. 1924 చట్టం కేవలం చదువుకోసమే వచ్చేవారిని విద్యార్థులుగా నిర్వచించింది. చదువు ముగిస్తే ఉండటానికి ఆధారం కూడా ముగుస్తుంది.

భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు 1922లో బోస్టన్ చేరి హార్వర్డ్‌లో ఉష్ణమండల వైద్యం అభ్యసించారు. చదువుకోసం వెళ్ళిన ఆయన పరిశోధకుడిగా 1948లో మరణించేవరకు అక్కడే ఉన్నారు. 1946 జూలైలో వచ్చిన లూస్-సెల్లర్ చట్టం భారతీయులకు ఏడాదికి 100 ప్రవేశాల కోటాను, పౌరసత్వార్హతను కల్పించింది. అయినా సుబ్బారావు అమెరికా పౌరుడు కాలేదు. ఆయన జీవితకాలంలో ఎక్కువభాగం, నివాసానికీ పౌరసత్వానికీ మధ్య దారే లేని కాలం.

ఆ రోజులలో తాత్కాలికంగా వచ్చి శాశ్వత నివాసం కోరేవారు దేశం వెలుపలికి వెళ్ళి వీసాతో తిరిగి రావలసి ఉండేది. 1935 నుంచి అర్హులైనవారికి ముందుగా పరిశీలన జరిపి, కెనడాకు వెళ్ళి వీసా తీసుకొని తిరిగివచ్చే ఏర్పాటు చేశారు. జాతిప్రాతిపదికన నిషేధానికి గురైనవారికి అది ఉపకరించలేదు.

3. లోపలి ద్వారం: 1952 చట్టం
ట్రూమన్ వీటోను అధిగమించి 1952 జూన్‌లో ఆమోదం పొందిన మెక్‌కారన్-వాల్టర్ చట్టం ఈ చరిత్రలో కీలకమైనది. విద్యార్థికి ‘ఎఫ్’, తాత్కాలిక ఉద్యోగికి ‘హెచ్’ అనే అక్షరాలు ఈ చట్టంలోని ఉపవిభాగాల నుంచే వచ్చాయి. దాని 248వ సెక్షన్ ఒక వలసేతర స్థితి నుంచి మరొక వలసేతర స్థితికి, 245వ సెక్షన్ శాశ్వత నివాసానికి, దేశం విడవకుండానే మారే వీలు కల్పించాయి.

అయితే 248వ సెక్షన్ కల్పించింది హక్కు కాదు. ప్రభుత్వ విచక్షణకు లోబడిన అనుమతి. చట్టబద్ధంగా ప్రవేశించి ఉండాలి. ఉన్న స్థితిని భంగం లేకుండా నిలుపుకొని ఉండాలి. దరఖాస్తు పరిశీలనలో ఉండగా దేశం విడిచి వెళితే స్థితిమార్పు కోరికను వదులుకున్నట్లు అధికారులు పరిగణిస్తారు.

అదే చట్టం మరో నియమాన్నీ చేర్చింది. వీసా కోరే వ్యక్తి స్థిరపడటానికే వస్తున్నాడని 214(బి) ఉపసెక్షన్ సాధారణంగా ముందుగానే భావిస్తుంది. కాదని నిరూపించుకోవలసిన భారం అతనిదే. విద్యార్థి తిరిగివెళ్తానని అధికారిని నమ్మించాలి. లోపలికి వెళ్ళాక మరొక సెక్షన్ అతనికి ఉండే దారి చూపుతుంది. ఈ వైరుధ్యం ఏ ఒక్క విద్యార్థి కపటమూ కాదు. ఒకే చట్టంలోని రెండు నియమాల మధ్య ఉన్నది.

4. విస్తరణ (1965-2004)
1965 హార్ట్-సెల్లర్ చట్టం జాతీయమూలాల కోటాలను రద్దుచేసి, వృత్తినిపుణులకు ప్రత్యేక ప్రాధాన్యం ఇచ్చింది. తెలుగు వైద్యులు, ఇంజనీర్లు ఈ దశలోనే గణనీయంగా వెళ్ళారు. 1977లో జరిగిన తానా తొలి మహాసభ ఆ తరం స్థిరపడిందనడానికి నిదర్శనం. అప్పట్లో విద్యార్థి దశ నుంచి శాశ్వత నివాసానికి దూరం తక్కువ.

1990 వలసచట్టం ఆ దారి మధ్యలో ఒక మజిలీని స్థిరపరచింది. హెచ్-1బి వర్గాన్ని ఏర్పరచి, ఏడాదికి 65,000 పరిమితి విధించింది. తాత్కాలికంగా పనిచేస్తూనే శాశ్వత నివాసాన్ని ఆశించవచ్చునన్న ‘ద్వంద్వోద్దేశాన్ని’ ఈ వర్గానికి అంగీకరించింది. అదే చట్టం ఉద్యోగ ప్రాతిపదికన ఇచ్చే శాశ్వత నివాసాలలో ఒక్కో దేశానికి సాధారణంగా 7 శాతం మించరాదన్న పరిమితినీ విధించింది. సాఫ్ట్‌వేర్ రంగం పెరిగినప్పుడు హెచ్-1బి పరిమితి 1,15,000కు, తరువాత 1,95,000కు పెరిగి, 2004 ఆర్థిక సంవత్సరంలో మళ్ళీ 65,000కు దిగింది. అమెరికాలో మాస్టర్స్ చేసినవారికి 20,000 అదనపు స్థానాలు ఆ తరువాత చేరాయి. మొదటి మజిలీ విశాలమై, రెండవది ఇరుకుగా మిగలడంతో భారతీయుల నిరీక్షణ ఏళ్ళ తరబడి సాగుతోంది.

5. చదువుకూ ఉద్యోగానికీ మధ్య
చదువు ముగిశాక విద్యార్థి స్థితిలోనే పనిచేసేందుకు వీలిచ్చే ఐచ్ఛిక ప్రాయోగిక శిక్షణ (ఓపీటీ) కాలం 12 నెలలు. శాస్త్ర, సాంకేతిక విభాగాలవారికి 2008లో 17 నెలలు, 2016లో దాని స్థానంలో 24 నెలలు పొడిగింపు లభించింది. ఇది స్థితిమార్పు కాదు. దానికోసం ఎదురుచూసే కాలం. ఈ గడువులో లాటరీలో పేరు రాకపోతే మరో మాస్టర్స్‌లో చేరి విద్యార్థిగానే కొనసాగడం ఒక మార్గమైంది.

ఈ మార్గానికి నిఘా కూడా తోడైంది. 2001 సెప్టెంబరు 11 దాడులలో పాల్గొన్న ఇద్దరికి విద్యార్థి స్థితి మంజూరైన పత్రాలు, ఆరు నెలల తరువాత 2002 మార్చిలో విమానశిక్షణ పాఠశాలకు చేరాయి. ఆ మరుసటి నెలలోనే సందర్శకులు స్థితిమార్పు పొందకముందు చదువు ప్రారంభించరాదన్న నియమం వచ్చింది. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయం మూతపడినప్పుడు, ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన విద్యార్థులు అనేకులు చిక్కుల్లో పడ్డారు. కొందరి కాళ్ళకు నిఘాపట్టీలు బిగించారు. విద్యార్థి స్థితి విద్యాసంస్థపై ఆధారపడినది. సంస్థ కూలితే స్థితి ప్రమాదంలో పడుతుంది. స్థితి నిలవకపోతే 248వ సెక్షన్ ద్వారమూ మూసుకుంటుంది.

6. 2025: తిరిగి ముందుకు వచ్చిన భేదం
2025 సెప్టెంబరు 19న వెలువడిన అధ్యక్ష ప్రకటన కొత్త హెచ్-1బి దరఖాస్తులకు లక్ష డాలర్ల చెల్లింపును విధించింది. అమెరికాలో ఉండి స్థితిమార్పు కోరే దరఖాస్తులకు అది సాధారణంగా వర్తించదని అక్టోబరులో వలసవిభాగం స్పష్టం చేసింది. హైదరాబాదులో ఉన్న ఇంజనీరుకు, డల్లాస్‌లో చదువు ముగించిన అతని సహాధ్యాయికి అర్హతలు సమానమే కావచ్చు. ఒకరి దరఖాస్తుకు లక్ష డాలర్ల భారం, మరొకరికి లేదు. 1952లో ప్రయాణశ్రమను తప్పించే వెసులుబాటుగా కనిపించినది అవకాశాన్నే నిర్ణయించే గీతగా మారింది. ముందు విద్యార్థిగా వెళ్ళడమే మేలన్న ఆలోచనకు, దానితోపాటు చదువు అప్పులకు, ఇది మరింత బలం చేకూర్చగలదు.

7. ముగింపు
పై పరిశీలన నుంచి మూడు అంశాలు తేలుతున్నాయి.
• ప్రవేశోద్దేశం వ్యక్తి మనసులోని స్థిరవిషయం కాదు. చట్టం కల్పించిన వర్గం. అవకాశాలను బట్టి అది మారడం చట్టమే అంగీకరించిన వాస్తవం.
• స్థితిమార్పు సులువైన కొద్దీ శాశ్వత నివాసం దగ్గర కాలేదు, తాత్కాలికతే దీర్ఘమైంది.
• వీసాల లెక్క ఒక్కటే చూసే పరిశోధన ఈ వలసను పూర్తిగా పట్టుకోలేదు. ఒకే వ్యక్తి ఒక ఏడాది విద్యార్థుల పట్టికలో, మరో ఏడాది ఉద్యోగుల పట్టికలో కనిపిస్తాడు.

కనుక తెలుగు డయాస్పోరా కథానవలలను, ఆత్మకథలను, మౌఖిక చరిత్రలను అధ్యయనం చేసేవారు పాత్రలు ఏ ఏడాది వెళ్ళాయన్న దానితోపాటు, ఏ స్థితిలో వెళ్ళి ఏ స్థితికి మారాయన్నదీ గమనించవలసి ఉంది. అంత్యక్రియలకు రాలేకపోయిన కొడుకు కథను అనురాగలోపంగా చదవడమా, పాస్‌పోర్టులో మారని ముద్ర పర్యవసానంగా చదవడమా అన్నది ఆ గమనింపుపైనే ఆధారపడుతుంది.